ఆరు ఎత్తులు చూసే ప్రోగ్రామ్ నాలుగుకు ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీ ప్లస్ ప్లస్‌లో సొంతంగా ఒక చెస్ ప్రోగ్రామ్ రాశాను. ఆల్ఫా-బీటా, అంటే ఫలితం మార్చలేని దారులను చూడకుండా వదిలేసే సెర్చ్ పద్ధతి, పెట్టాను. పావుల విలువలు మాత్రమే లెక్కేసినన్నాళ్లూ, ఎత్తుకు 5 సెకన్లిస్తే 6 ఎత్తుల లోతుకు వెళ్లేది. కానీ చేయడానికేమీ కనపడకపోతే రూక్‌ను అటూ ఇటూ జరుపుతూ ఉండేది. అందుకని బంట్ల అమరిక, రాజు భద్రత, పావుల కదలిక, ఫోర్కులు (ఒకే పావు రెండింటి మీద పడటం), పిన్నులు (వెనకున్న పెద్ద పావు వల్ల ముందుది కదలలేకపోవడం), రక్షణ లేని పావులు అన్నీ ఎవాల్యుయేషన్‌లో, అంటే స్థానానికి మార్కులు వేసే భాగంలో, చేర్చాను. ఇప్పుడు 4 ఎత్తులు దాటడం లేదు. విజయవాడలో ఉండే మా బాబాయి ఒకప్పుడు టోర్నమెంట్లు ఆడినవారు. ఆదివారాలు వెళ్లి ఆయనతో ఆడిస్తుంటే ఇదివరకటికంటే తేలిగ్గా ఓడించేస్తున్నారు. ప్రోగ్రామ్ చూడ్డానికి మంచి ఎత్తులే వేస్తుంది, ఉన్నట్టుండి ఒక పావు పోగొట్టుకుంటుంది. డెప్తే ముఖ్యమని ఒక ఫ్రెండ్ అంటాడు. ఇప్పటి ఇంజిన్లన్నీ ఎవాల్యుయేషన్ వల్లే గెలుస్తున్నాయని ఇంకొకడంటాడు. నేను ఏ దారిన వెళ్లాలి?

జవాబు: ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక పని చేయండి. మీరు చేర్చినవాటిలో ఫోర్కులు, పిన్నులు, రక్షణ లేని పావులు, ఈ మూడింటినీ ఎవాల్యుయేషన్‌లోంచి తీసేయండి. మీ ప్రోగ్రామ్ ఇబ్బంది చాలావరకు అక్కడే ఉంది.

గుర్రం వచ్చి రాజుకు చెక్ ఇస్తూ రూక్ మీద కూడా పడింది, రాజు తప్పుకున్నాడు, గుర్రం రూక్‌ను కొట్టింది. తెల్ల ఎత్తునూ నల్ల ఎత్తునూ విడివిడిగా లెక్కపెడితే మొత్తం మూడు ఎత్తులు. ఆరు ఎత్తులు చూసే సెర్చ్‌కు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, తనే చూసి తెలుసుకుంటుంది. అదే సంగతి ప్రతి స్థానంలోనూ ఎవాల్యుయేషన్ చేత మళ్లీ వెతికించారు కాబట్టే టైమ్ అయిపోయింది, సెర్చ్ నాలుగు దగ్గర ఆగిపోయింది. అంటే ఫోర్కుల గురించి నేర్పబోయి, ఫోర్కులు చూసే శక్తినే తగ్గించారు. పెద్ద ఇంజిన్లు కొన్నింట్లో బెదిరింపులకు చిన్న బోనస్‌లు ఉన్న మాట నిజమే. అవి మిగతా అన్ని పనులూ అయ్యాక చేర్చుకున్నవి. మీ ప్రోగ్రామ్‌కు ఆ సమయం ఇంకా రాలేదు.

నేను గట్టిగా నమ్మేది ఇదే: సెర్చ్ తన లోతులో తానే కనిపెట్టగలిగే విషయం ఎవాల్యుయేషన్‌కు నేర్పకూడదు. సెర్చ్ ఇంకో రెండు మూడు ఎత్తులు ఎక్కువ చూసినా అందని విషయమే నేర్పాలి. ఈ గీత ఒక్కటి సరిగ్గా గీసుకుంటే డెప్తా, ఎవాల్యుయేషనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఎక్కడికక్కడ అదే దొరుకుతుంది.

నష్టం ఎంతో లెక్కేసి చూద్దాం. మధ్య ఆటలో ఒక స్థానంలో సగటున 35 దాకా ఎత్తులుంటాయి. ఏదీ వదలకుండా ఆరు ఎత్తులు చూడాలంటే దాదాపు 184 కోట్ల స్థానాలు. ఆల్ఫా-బీటాకు ప్రతిచోటా మంచి ఎత్తే ముందు అందిస్తే, అదే ఫలితం 85,749 స్థానాలతో తేలుతుంది. అంత ఆదర్శంగా నిజంలో ఎప్పుడూ కుదరదు గానీ, దానికి దగ్గరగా వెళ్తే లోతు ఒక ఎత్తు పెరగడానికి పని సుమారు ఆరు రెట్లు పెరుగుతుంది. రెండు ఎత్తులకు ముప్పై ఆరు రెట్లు. మీ డెప్త్ రెండు తగ్గిందంటే మీ కొత్త ఎవాల్యుయేషన్ పాతదానికంటే సుమారు ముప్పై రెట్లు బరువెక్కి ఉండవచ్చు. కదలిక లెక్కించడానికి ప్రతి స్థానంలోనూ రెండు పక్షాల ఎత్తులన్నీ పూర్తిగా తయారు చేయిస్తున్నారని నా అనుమానం. ఏ ఫంక్షన్ ఎంత టైమ్ తింటుందో చూపే ప్రొఫైలర్ పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

ఇక ‘ఉన్నట్టుండి పావు పోగొట్టుకుంటుంది’ అన్నారు చూశారా, దానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ ఉత్తరంలో క్వైసెన్స్ సెర్చ్, అంటే కొట్టుకోవడాలు ముగిసేదాకా చూసే అదనపు సెర్చ్, మాటే లేదు. అది లేకపోతే మిగతాది ఏం చేసినా వృథా. ఒక్క ఉదాహరణ చూడండి. నల్ల బంటు డీ5లో ఉంది, ఈ6లోని బంటు దానికి కాపలా. ఆఖరి ఎత్తుగా మీ తెల్ల క్వీన్ డీ5 బంటును కొట్టింది. అక్కడితో లోతు అయిపోయింది, ఎవాల్యుయేషన్ పిలిచారు. అది చూసేది ఒక్కటే, బంటు లాభం, 100 పాయింట్లు. తర్వాతి ఎత్తులో ఈ6 బంటు క్వీన్‌ను కొట్టేస్తుందన్న సంగతి గీతకు అవతల ఉండిపోయింది. ఇలా కనిపించే హద్దుకు అవతల ప్రమాదం దాక్కోవడాన్నే హన్స్ బెర్లినర్ హొరైజన్ ఎఫెక్ట్ అన్నాడు. సెర్చ్‌లో మీరు కొలిచే స్థానాల్లో చాలా ఇలాంటి మార్పిడి మధ్యలో ఉన్నవే అయినప్పుడు, వాటిమీద బంట్ల అమరిక ఎంత బాగా లెక్కేస్తే మాత్రం ఏం ఉపయోగం?

అందుకే లోతు సున్నాకు రాగానే నేరుగా ఎవాల్యుయేషన్‌కు వెళ్లకండి. కొట్టే ఎత్తులు మాత్రమే చూసే చిన్న సెర్చ్ నడిపి, ప్రశాంతమైన స్థానం వచ్చాక కొలవండి. ఇందులో రెండు జాగ్రత్తలు. ఆడే పక్షానికి కొట్టకుండా ఊరుకునే స్వేచ్ఛ ఇవ్వాలి, అంటే ఉన్న స్కోరే బీటాను (ఎదుటి పక్షం రానిచ్చే గరిష్ఠ స్కోరును) దాటితే వెంటనే వెనక్కి రావాలి. రాజు చెక్‌లో ఉన్నప్పుడు మాత్రం ఆ స్వేచ్ఛ ఉండకూడదు, తప్పించుకునే ఎత్తులన్నీ చూడాలి. కొట్టే ఎత్తుల్లో పెద్ద పావును చిన్న పావుతో కొట్టేవి ముందు పెట్టండి. బంటుతో క్వీన్‌ను కొట్టడం మొదట, క్వీన్‌తో బంటును కొట్టడం చివర. ఇదే వరస మామూలు సెర్చ్‌లో కూడా వాడండి. దాని తర్వాత కిల్లర్ ఎత్తులు (అదే లోతులో పక్క దారిని కోసేసిన ఎత్తులు), హిస్టరీ టేబుల్ (ఏ ఎత్తు ఇదివరకు ఎంత పనికొచ్చిందో రాసుకునే పట్టిక). ఒకటి, రెండు, మూడు అంటూ లోతు పెంచుకుంటూ వెళ్లే ఇటరేటివ్ డీపెనింగ్, జాబ్రిస్ట్ హ్యాషింగ్‌తో (ప్రతి స్థానానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ (చూసేసిన స్థానాల ఫలితాలు దాచే పట్టిక) కూడా పెట్టండి. కిందటి లోతులో మంచిదనిపించిన ఎత్తు పై లోతులో మొదట వస్తుంది, ఆల్ఫా-బీటాకు కావలసింది అదే. నల్ మూవ్ ప్రూనింగ్ (ఎత్తు వదిలేసినా మనమే ముందుంటే ఆ దారి కోసేయడం), వరసలో ఆఖరున వచ్చే ఎత్తులకు లోతు తగ్గించడం ఆ తర్వాత. ఇవన్నీ పెట్టాక అదే 5 సెకన్లలో, అదే ల్యాప్‌టాప్‌లో మీ పాత ఆరు దాటి ముందుకు వెళ్లగలరు.

వీటన్నిటికంటే ముందు ఎత్తులు తయారుచేసే భాగం సరిగ్గా ఉందో లేదో పెర్ఫ్ట్ లెక్కతో, అంటే ఒక్కో లోతులో మొత్తం ఎన్ని దారులు వస్తాయో లెక్కపెట్టి, చూసుకున్నారా? మొదటి స్థానం నుంచి ఒకటి నుంచి ఐదు ఎత్తుల లోతుకు వరసగా 20, 400, 8,902, 1,97,281, 48,65,609 రావాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆగిపోయి అది సరిచేయండి. అంపాసాన్‌లో (రెండు గడులు దూకిన బంటును పక్క బంటు కొట్టే నియమంలో) తప్పుంటే దాన్ని ఎవాల్యుయేషన్ తప్పనుకుని రోజుల తరబడి వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ రెండో ఫ్రెండ్ మాటకొద్దాం. అతను చెప్పిందీ నిజమే. సెర్చ్‌కు అందని విషయాలు కొన్నుంటాయి, అక్కడ ఒక్క వాక్యమంత జ్ఞానం అరడజను ఎత్తుల లోతుతో సమానం. 1972లో రేక్యవిక్‌లో స్పాస్కీ, ఫిషర్ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆట తీసుకోండి. డ్రా వైపు వెళ్తున్న ఎండ్‌గేమ్. నల్ల పావులతో ఆడుతున్న ఫిషర్ 29వ ఎత్తులో బిషప్‌తో హెచ్2 బంటును కొట్టాడు. స్పాస్కీ జీ3కి బంటు జరిపాడు, బిషప్ వెనక్కి వచ్చే దారి మూసుకుపోయింది. తర్వాత హెచ్5, రాజు ఈ2, హెచ్4, రాజు ఎఫ్3, నల్ల రాజు ఈ7, తెల్ల రాజు జీ2. ఆపైన బంట్లు కొట్టుకున్నాయి, చివరికి బిషప్ జీ3లో రెండో బంటును కొట్టి రాజు చేతికి చిక్కింది. బిషప్ హెచ్2ను కొట్టిన ఎత్తుతో కలిపి లెక్కపెట్టండి. తెల్ల రాజు బిషప్‌ను తీసుకున్నది 12వ ఎత్తు. ఆ ఆట ఫిషర్ ఓడిపోయాడు.

ఆరు ఎత్తులు చూసే మీ పాత ప్రోగ్రామ్‌కు ఆ స్థానం ఇస్తే రాజు ఎఫ్3కి రావడం దగ్గర ఆగిపోతుంది. అక్కడ నల్ల హెచ్4 బంటుతో జీ3ను కొట్టవచ్చు గానీ, కొట్టకుండా ఊరుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టి క్వైసెన్స్ కూడా కాపాడదు. లెక్కలో కనిపించేది నల్లకు ఒక బంటు లాభమే. అదే ఎవాల్యుయేషన్‌లో ‘నల్ల బిషప్ హెచ్2లో ఉండి, తెల్ల బంట్లు జీ3, ఎఫ్2లో ఉంటే 100 నుంచి 150 పాయింట్లు తగ్గించు’ అని రాస్తే రెండో ఎత్తుకే దానికి సంగతి తెలుస్తుంది. ఏ2, ఏ7, హెచ్7 గడులకూ ఇదే సూత్రం అద్దంలో తిప్పి రాయాలి. మొత్తం నాలుగు పోలికలు, ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఎవాల్యుయేషన్‌లో చోటు దక్కాల్సింది ఇలాంటివాటికి: ఫలితం చాలా ఎత్తుల తర్వాత గానీ తేలకూడదు, గుర్తుపట్టడం మాత్రం చవగ్గా ఉండాలి.

అడ్డు లేకుండా ముందుకు పోయే బంటు, అదే పాస్డ్ పాన్, ఆ కోవలో మొదటిది. ఏ వరస దాకా వచ్చిందన్నదాన్నిబట్టి దాని బోనస్ పెరగాలి. పక్క బంట్ల తోడు లేని ఒంటరి బంటు, ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న జంట బంట్లు కూడా ఇందులోవే. బంట్ల అమరిక ఎత్తెత్తుకూ మారదు కాబట్టి బంట్ల స్థానానికి వేరే హ్యాష్ టేబుల్ పెట్టండి. ఒకసారి లెక్కేసింది చాలాసార్లు పనికొస్తుంది, మళ్లీ లెక్కేయాల్సి రావడం అరుదు. కాస్లింగ్ చేసిన రాజు ముందు బంట్ల గోడ ఉందా లేదా, రాజు పక్కన ఫైల్ (నిలువు వరస) తెరుచుకుందా అన్నవి చూడండి. రూక్ తెరిచిన ఫైల్‌లో ఉంటే కొంచెం బోనస్. మీరు బాధపడ్డ రూక్ అటూ ఇటూ తిరుగుడు ఇవి పెడితే చాలావరకు తగ్గుతుంది. కదలిక లెక్క కావాలంటే బిషప్, రూక్‌లకు బిట్‌బోర్డుతో (64 గడులను 64 బిట్లుగా దాచుకునే పద్ధతి) ఎన్ని గడులు అందుతున్నాయో లెక్కేస్తే చాలు, చట్టబద్ధమైన ఎత్తులన్నీ తయారు చేయనక్కర్లేదు.

వీటికి పునాదిగా ప్రతి పావుకూ ఏ గడిలో ఎంత విలువో చెప్పే పట్టికలు పెట్టండి. అవి మధ్య ఆటకు ఒకటి, ఎండ్‌గేమ్‌కు ఒకటి ఉండాలి. మధ్య ఆటలో జీ1లో దాక్కోవాల్సిన రాజు ఎండ్‌గేమ్‌లో నడిమధ్యకు రావాలి కదా. బోర్డు మీద మిగిలిన గుర్రానికీ బిషప్‌కూ 1, రూక్‌కు 2, క్వీన్‌కు 4 చొప్పున వేస్తే మొదట 24 వస్తుంది. ఆట సాగేకొద్దీ అది సున్నా వైపు దిగుతుంది. ఆ నిష్పత్తిలో రెండు పట్టికల స్కోర్లూ కలపండి. ఈ పట్టికల మొత్తాన్ని ప్రతిసారీ మొదటినుంచీ కూడొద్దు. పావు కదిలినప్పుడు పాత గడి విలువ తీసేసి కొత్త గడి విలువ కలపండి, అంతే. పూర్తి ఎవాల్యుయేషన్‌లో సగం పని సెర్చ్ ఎత్తు వేసేటప్పుడే అయిపోతుంది.

బోనస్‌ల సైజు గురించి ఒక మాట చెప్పాలి. క్లాడ్ షానన్ 1950లో అచ్చయిన తన వ్యాసంలో ఒంటరి బంటుకు, జంట బంటుకు అర బంటు నష్టం వేశాడు. ఆయన దాన్ని ఉదాహరణగా ఇచ్చాడు. మీరు బంటు 100 అనుకుంటే ఒంటరి బంటుకు 10 నుంచి 20 దగ్గర మొదలుపెట్టండి. సెర్చ్ ఎప్పుడూ స్కోరు ఎక్కువ వచ్చే మూల వెతుక్కుంటూ పోతుంది. రాజు భద్రతకు 80, కదలికకు 60, సెంటర్‌కు 50 అని ఉదారంగా ఇచ్చుకుంటూ పోతే మూడూ కలిసిన చోట ఒక బంటును ఊరికే వదిలేస్తుంది. మీ బాబాయిగారికి దొరుకుతున్న పావుల్లో కొన్ని ఇలా పోయినవే అయ్యుంటాయి.

మీ ఫ్రెండ్స్ వాదన కొత్తది కాదు, ఈ రంగం మొత్తం దాని చుట్టూనే నడిచింది. కెన్ థాంప్సన్ ‘బెల్’ (Belle) అనే తన చెస్ యంత్రాన్ని వేర్వేరు లోతుల్లో తనతోనే ఆడించి చూస్తే, మొదట్లో ఒక్కో ఎత్తుకు 200కు పైగా రేటింగ్ పాయింట్లు పెరిగాయి, లోతుకు వెళ్లేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వచ్చింది. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థానాలు చూసేది. 2017లో తనతో తానే ఆడి నేర్చుకున్న ఆల్ఫాజీరో, ఎదుటి ఇంజిన్ స్టాక్‌ఫిష్ చూసేవాటిలో సుమారు వెయ్యో వంతు స్థానాలే చూసి గెలిచింది. నాకు అన్నిటికంటే నచ్చేది 2020లో స్టాక్‌ఫిష్ 12తో వచ్చిన మార్పు. 2018లో యు నాసు షోగీ (జపాన్ చెస్) కోసం తయారుచేసిన ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను అందులో పెట్టారు. సెకనుకు చూసే స్థానాలు తగ్గాయి, బలం బాగా పెరిగింది. అయితే అది పనిచేయడానికి కారణం ఒక ఎత్తుకు నెట్‌వర్క్‌లో మారిన భాగం మాత్రమే మళ్లీ లెక్కేయడం. పైన గడుల పట్టికలకు చెప్పిన కిటుకే అది, పెద్ద ఎత్తున. మీకూ అటు వెళ్లాలనుంటే వెళ్లండి, కానీ చేతితో రాసిన ఎవాల్యుయేషన్ ఒకటి సరిగ్గా నిలబడ్డాక. అప్పుడే అది మీకు ఏం ఇచ్చిందో తెలుస్తుంది.

పరీక్ష ఎలా చేయాలో అడగలేదు గానీ, అసలు కష్టం అక్కడే. పాత వెర్షన్‌నూ కొత్త వెర్షన్‌నూ ఒకే లోతులో పోటీ పెట్టకండి. ఒకే లోతు ఇస్తే సాధారణంగా బరువైన ఎవాల్యుయేషనే గెలుస్తుంది, అది తిన్న టైమ్ లెక్కలోకి రాదు. ఒకే టైమ్ ఇవ్వండి. ఇంజిన్లు వేరే ప్రోగ్రాములతో మాట్లాడే యూసీఐ ప్రోటోకాల్ పెట్టుకుంటే, ఇంజిన్ల మధ్య పోటీలు నడిపే క్యూట్‌చెస్‌తో రెండింటినీ వాటంతటవే ఆడించవచ్చు. రెండు సమానమైన ప్రోగ్రాముల మధ్య కూడా 20 ఆటల్లో 12-8 రావడం మామూలే, అది చూసి సంబరపడొద్దు, దిగులుపడొద్దు. 400 ఆటలాడించినా ఫలితంలో అటూ ఇటూ 30 రేటింగ్ దాకా అనిశ్చితి ఉంటుంది. ఎత్తుకు పదో వంతు సెకను ఇస్తే అవి రెండు గంటల్లో అయిపోతాయి. ప్రతి ఆటా మొదటి స్థానం నుంచే మొదలెడితే అవే ఆటలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి వేర్వేరు ఓపెనింగ్‌ల నుంచి మొదలుపెట్టండి, ఒక్కోదాన్నీ రంగులు మార్చి రెండుసార్లు. మీ ఊరి గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక, విజయవాడకు చెందిన కోనేరు హంపి ఆడిన ఆటలు కావలసినన్ని దొరుకుతాయి. వాటి ఎనిమిదో ఎత్తు తర్వాతి స్థానాలు తీసుకుంటే మంచి సెట్ తయారవుతుంది. ఇంకో సంగతి, మన మే నెల ఎండల్లో మధ్యాహ్నం ల్యాప్‌టాప్ వేడెక్కి దానంతటదే స్పీడు తగ్గించుకుంటుంది. పాత వెర్షన్ ఫలితం రాత్రిదీ కొత్తది మధ్యాహ్నానిదీ పోల్చి చూశారంటే మోసపోతారు. రెండూ ఒకే పోటీలో, ఛార్జర్ పెట్టి, రాత్రిపూట ఆడించండి.

బాబాయిగారితో ఆటలు మాత్రం మానకండి. బలం కొలవడానికి కాదు, జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి. ఆయన గెలిచిన ప్రతి ఆటలోనూ ప్రోగ్రామ్ తనకు తాను ఇచ్చుకున్న స్కోరు ఎత్తువారీగా ఫైల్‌లో రాయించండి. స్కోరు ఒక్కసారిగా 300 పడిపోయిన చోట ఆగి, దానికి ఒకటి రెండు ఎత్తుల ముందు స్థానాన్ని ప్రోగ్రామ్‌కు ఇచ్చి పది నిమిషాలు ఆలోచించనివ్వండి. లోతు పెరిగాక మనసు మార్చుకుని వేరే ఎత్తు చెప్పిందంటే లోపం సెర్చ్‌ది. ఎత్తుల వరస, క్వైసెన్స్, హ్యాష్ టేబుల్ చూడాలి. పది నిమిషాల తర్వాత కూడా అదే చెడ్డ ఎత్తును పట్టుకుని ఉంటే, లేదా స్కోరు ఎక్కడా పడకుండా మెల్లగా జారిపోయి ఉంటే, లోపం ఎవాల్యుయేషన్‌ది. అప్పుడు బంట్లకెంత, రాజుకెంత, గడుల పట్టికకెంత అని విడివిడిగా ప్రింట్ చేసే ఫంక్షన్ ఒకటి రాసుకుని ఆ స్థానం మీద నడపండి. అదే స్థానాన్ని రంగులు మార్చి, అద్దంలో తిప్పి ఇస్తే అంకెలు సరిగ్గా అవే రావాలి. రాకపోతే కోడ్‌లో తప్పుంది, ముందు అది దిద్దండి.

అంకెలు సరిగ్గానే ఉండి ఎత్తు మాత్రం తప్పయితే, ఆ స్థానంలో తను ఏం ఆడేవారో, ఎందుకో బాబాయిగారినే అడగండి. ‘ఏ-ఫైల్‌లో ఆ బంటు ఇక ఆగదు’ అని ఆయన అంటే పాస్డ్ పాన్ బోనస్ చాలలేదన్నమాట. ‘ఆ రాజు ముందు బంటు జరిపినప్పుడే అయిపోయింది’ అంటే రాజు గోడ లెక్క చూడాలి. ఆయన చెప్పిన ఆ ఒక్క పద్దే మార్చి, ఇంకేదీ ముట్టుకోకుండా, ఆ రాత్రి 400 ఆటలకు పెట్టండి.